సాక్షి సంతకం



గత సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినేషను ఎందుకు అవసరమో రాశాను. దానికి పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఈ శీర్షిక మొదలుపెట్టాక ఒక్క వ్యాసానికి ఇన్ని ఉత్తరాలు రావడం ఇదే మొదటిసారి. హోసూరు నుంచి ఒక సోదరి, "ఖాతాల సంగతి సరేనండీ, లాకరు మాటేమిటి? లాకరుదారు పోయాక దాన్ని ఎవరు తెరుస్తారు? ఎలా తెరుస్తారు?" అని అడిగారు.

రూల్సు రాస్తే అరపేజీలో అయిపోతుంది. చదివిన మర్నాడే మరిచిపోతారు. అందుకని మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను. లాకరుతో మొదలై కాస్త సముద్రం మీదకు కూడా వెళుతుంది. వాణిజ్యశాస్త్రం చదివినవాడికి యుద్ధనౌకలతో ఏం పని అనకండి. చివరికి ఒడ్డుకే చేరుస్తాను.

మా చినమావయ్య, అంటే అమ్మకు తోడబుట్టిన తమ్ముడు, 2023 కార్తీకమాసంలో పోయారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. చిన్న వయసులో నౌకాదళంలో చేరి, పదిహేనేళ్ళు చేసి, పింఛను తీసుకుని మా బరంపురం వచ్చేశారు. ఇక్కడ ఒక పట్టుచీరల కొట్టులో లెక్కలు రాసి పిల్లల్ని పైకి తెచ్చారు. లాకరు మా బ్యాంకులో కాదు, వేరే బ్యాంకులో ఉంది. మేనల్లుడు బ్యాంకు ఆఫీసరై ఉండగా వేరేచోట ఎందుకు మావయ్యా అని ఒకసారి అడిగితే, "నీ దగ్గర పెడితే నువ్వు చూస్తావురా" అన్నారు. లాకరులో ఏముందో బ్యాంకువాడు చూడడని ఎంత చెప్పినా వినలేదు.

అత్తయ్య పేర నామినేషను ఉంది. కనక పెద్ద తతంగం లేకుండా 2024 ఫిబ్రవరిలో తెరిచాం. మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు కార్డు, తాళంచెవి తీసుకెళ్ళాం. ఇద్దరు సాక్షుల ఎదుట లోపలున్న వస్తువుల జాబితా రాయాలి. అందులో ఒక సాక్షిని నేను. ఇలాంటి జాబితాలు నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎన్నో రాయించాను. మొదటిసారిగా బల్లకు అవతలి పక్కన కూర్చున్నాను.

రెండు జతల గాజులు, అత్తయ్య నానుతాడు, ఒక వెండి చెంబు, ఇంటి దస్తావేజులు. అడుగున ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఓడ పేరున్న నల్ల రిబ్బను ముక్క, నాలుగు మడతల కాగితం ఒకటి. ఆ కుర్రాఫీసరు కాగితం విప్పి చూసి, మళ్ళీ మడిచి, జాబితాలో "పాత కాగితం, 1" అని రాసుకున్నాడు. అతని తప్పేమీ లేదు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి. సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఆ వరుస దగ్గర నా పెన్ను ఆగింది.

ఇంటికొచ్చాక దీపం కింద విప్పి చూశాం. అది మనియార్డరు రసీదు. ఈ తరం పిల్లలకు మనియార్డరు అంటే వివరించాలి. పోస్టాఫీసులో డబ్బు కట్టి ఫారం నింపితే, అవతలి ఊళ్ళో పోస్టుమేను ఇంటికి తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఫారంలో ఒక ముక్క మీద నాలుగు మాటలు రాసుకునే వీలుండేది. అది డబ్బు అందుకున్నవాళ్ళకు మిగిలేది. ఇంకో ముక్క మీద వాళ్ళ సంతకమో వేలిముద్రో వేయించి, డబ్బు ముట్టిందనడానికి రుజువుగా పంపినవాళ్ళకు తిరిగి చేరవేసేవారు. ఆ పాత పద్ధతి 2015లో ఆగిపోయింది.

మావయ్య దాచుకున్నది ఆ రెండో ముక్క. అరవై రూపాయలు. పంపినవారి చిరునామా చోట మావయ్య గుండ్రటి దస్తూరీలో ఆయన పేరు, "ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్" అన్న ఓడ పేరు, ఫ్లీట్ మెయిల్ ఆఫీసు. పక్కన తేదీ 3-12-71. కింద నల్ల సిరాతో అమ్మమ్మ ఎడమ బొటనవేలి ముద్ర. బరంపురం తపాలా ముద్ర, 9 డిసెంబరు. వేలిముద్ర పక్కన సాక్షి సంతకం ఒకటి ఉంది. ఆ సంతకం సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ ఓడ గురించి కొంచెం తెలియాలి.

రాజ్‌పుత్ మనం కట్టిన ఓడ కాదు. స్కాట్లండులో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్ళో జాన్ బ్రౌన్ కంపెనీవారు బ్రిటిషు నౌకాదళానికి కట్టిన డిస్ట్రాయరు. 1942లో నీళ్ళలోకి దిగింది. అప్పటి పేరు రోథర్‌హామ్. డిస్ట్రాయరంటే వేగంగా పరుగెత్తే యుద్ధనౌక. పెద్ద ఓడల చుట్టూ కాపలా తిరగడం, జలాంతర్గాముల్ని వెతికి వెంటాడటం దాని పని. రెండో ప్రపంచ యుద్ధంలో కొంతకాలం మన హిందూ మహాసముద్రంలోనే తిరిగింది. 1945లో జపాను లొంగిపోయాక సింగపూరు నౌకాస్థావరాన్ని స్వాధీనం చేసుకున్నది ఈ ఓడ కెప్టెనే. అక్కడి డాక్‌యార్డు ద్వారాలలో ఒకదానికి రోథర్‌హామ్ గేటు అనే పేరు అలా వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మన దేశం బ్రిటిషువారి దగ్గర ఇలాంటివి మూడు తీసుకుంది. రాజ్‌పుత్, రాణా, రంజిత్ అని పేర్లు పెట్టారు. 1971 నాటికి రాజ్‌పుత్‌కి దాదాపు ముప్ఫై ఏళ్ళు. ఓడలకు అది ముసలితనమే. మావయ్యకు అప్పుడు ఇరవై రెండు. బాయిలరు గదిలో పని. "ఓడ నాకన్నా పెద్దదిరా. రాత్రిళ్ళు దానికి కీళ్ళనొప్పులు. మూలుగులు మాకు వినపడేవి" అనేవారు.

ఆ ఏడాది పాకిస్తాను దగ్గర ఉన్న జలాంతర్గాములలో బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగల సత్తా ఉన్నది ఒక్కటే, ఘాజీ. అదీ సొంతది కాదు. అమెరికావారు 1944లో నీళ్ళలోకి దించిన డయాబ్లో అనే జలాంతర్గామి. 1964లో పాకిస్తానుకు అద్దెకిచ్చారు. చిత్రం చూడండి. ఒకటి బ్రిటిషు ఓడ, రెండోది అమెరికా ఓడ. ఒకే యుద్ధంలో ఒకే పక్షాన పోరాడటానికి కట్టినవి. పాతికేళ్ళ తర్వాత కొత్త పేర్లతో, ఎదురెదురు పక్షాల తరఫున మన విశాఖపట్నం ముంగిట కలుసుకున్నాయి.

ఘాజీ 1971 నవంబరు 14న కరాచీలో బయలుదేరి, సింహళం చుట్టి వచ్చింది. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్ మీద. విక్రాంత్‌కి అప్పటికే ఒక బాయిలరు దెబ్బతిని వేగం తగ్గింది. విశాఖలో తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ గారు దాన్ని అండమాను దీవుల్లో రహస్యంగా దాచి, విశాఖ దగ్గరే ఉన్నట్టు నాటకం ఆడారు. యుద్ధం తర్వాత 'నో వే బట్ సరెండర్' అని ఒక పుస్తకమూ రాశారు. రాజ్‌పుత్ నడిపిన లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ గారిని పిలిచి, సముద్రంలోకి వెళ్ళి పెద్ద ఓడలాగా వైర్‌లెస్ సందేశాలు పంపుతూ ఉండమన్నారు. విశాఖలోని కంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు విపరీతంగా ఆర్డరు వేశారు. ఊళ్ళో ఆ మాట పాకితే, పెద్ద ఓడలు వస్తున్నాయని శత్రువు చెవినా పడుతుందని ఎత్తు.

ఇంకో ఎత్తు కూడా వేశారు. విక్రాంత్ మీద పనిచేసే ఒక నావికుడు జబ్బుగా ఉన్న తన తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నట్టు, రహస్య లిపి లేకుండా మామూలు మాటల్లో ఒక సందేశం పంపారు. శత్రువు విని, అది విక్రాంత్ నుంచే వచ్చిందని నమ్మాలని. తల్లి కోసం పడే ఆత్రాన్ని మించి నమ్మించేది ఏముంటుంది?

రిటైరయ్యాక చాలా ఏళ్ళకు మావయ్యకు ఈ సంగతులన్నీ చదివి వినిపించాను. వాటిలో చాలామటుకు ఆయనకు తెలియవు. మాంసం సంగతి విని పగలబడి నవ్వారు. "మాకు మాత్రం ఆ వారమంతా పప్పే పెట్టార్రా!" అన్నారు. తల్లి సందేశం దగ్గర మాత్రం నవ్వలేదు. కాసేపాగి, "ఆ వారంలో అందరికీ అమ్మలే గుర్తొచ్చారు" అన్నారు. అప్పుడు ఆ మాట నాకంతగా పట్టలేదు.

డిసెంబరు 3 శుక్రవారం. సాయంత్రం పాకిస్తాను విమానాలు మన పడమటి విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. రాత్రికి దేశమంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అప్పటి రాష్ట్రపతి వి.వి.గిరి గారు మా బరంపురంలోనే పుట్టినవారని మనవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఊళ్ళకు ఊళ్ళు దీపాలు ఆర్పుకుని, ప్రధాని ఇందిరాగాంధీ ప్రసంగం కోసం అర్ధరాత్రి దాకా రేడియోల దగ్గర కూర్చున్నాయి.

విశాఖలో అర్ధరాత్రికి కాస్త ముందు రాజ్‌పుత్ ఓడరేవు విడిచింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకు కాలువలో బయటికి రావాలి. ఆ దారిలో ఓడ నెమ్మదిగానే నడవాలి. జలాంతర్గామి పొంచి ఉంటే ఇంతకన్నా మంచి అదును ఉండదు. కాలువ దాటి, దారి చూపిన పైలట్‌ని దించేశాక ఇందర్ సింగ్ గారు వేగం పెంచమన్నారు. కాసేపటికి కుడివైపు కాపలా ఉన్న నావికుడు నీళ్ళలో ఏదో కదలిక చూశానని కేకేశాడు. ఓడ అటు దూసుకెళ్ళి రెండు డెప్త్ చార్జ్‌లు వదిలింది. ఇవి పీపాల వంటి బాంబులు. ముందుగా నిర్ణయించిన లోతుకు దిగాక, నీటి ఒత్తిడికి పేలతాయి. వదిలిన ఓడ వెంటనే పారిపోకపోతే దాని అడుగే చిట్లుతుంది. అందుకే అలాంటప్పుడు బాయిలరు గదిలో ఉన్నవాళ్ళ పనే ప్రాణం.

అర్ధరాత్రి దాటి పావుగంట అయ్యేసరికి సముద్రంలో పెద్ద పేలుడు. విశాఖలో కిటికీ అద్దాలు గడగడలాడాయి. రేడియో ముందు కూర్చున్న వేలమంది విన్నారు. రాజ్‌పుత్ వెతికింది. చీకట్లో ఏమీ కనపడలేదు. తనకు అప్పగించిన పని మీద ముందుకు సాగిపోయింది. తెల్లవారాక వేటకెళ్ళిన జాలరులకు నీళ్ళ మీద తేలుతున్న సామాన్లు దొరికాయి. ఒక లైఫ్ జాకెట్ మీద డయాబ్లో అన్న పాత అమెరికా పేరు ఇంకా అలాగే ఉంది. గజ ఈతగాళ్ళు దిగి చూసి, అడుగున ఉన్నది ఘాజీయేనని నిర్ధారించారు. లోపల తొంభై మందికి పైగా ఉన్నారు. ఒక్కరూ బతకలేదు. డిసెంబరు 9న మన ప్రభుత్వం ఆ వార్త ప్రకటించింది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఘాజీని ఎవరు ముంచారు? రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌ల వల్లే మునిగిందని మన నౌకాదళం మాట. ఘాజీ తాను సముద్రంలో పరుస్తున్న మందుపాతరలే పేలి మునిగిందని పాకిస్తాను మాట. మనవాళ్ళలోనూ, లెఫ్టినెంట్ జనరల్ జేకబ్ గారి వంటి పెద్ద సైనికాధికారులు రాజ్‌పుత్ వాదనపై అనుమానం వెలిబుచ్చారు. యాభై ఏళ్ళు దాటినా అందరూ ఒప్పుకున్న జవాబు లేదు.

నేను ఎన్నోసార్లు మావయ్యను అడిగాను. కాలేజీ రోజుల్లోనయితే స్నేహితుల్ని వెంటబెట్టుకెళ్ళి మరీ అడిగాను. ప్రతిసారీ ఒకటే జవాబు.

"ఒరే, ఆ రాత్రి నేను చూసింది ఆవిరి మీటరులో ముల్లు. అది ఎర్ర గీత దాటకుండా చూడటం నా పని. పైనుంచి రెండు దెబ్బలు వినపడ్డాయి. కొంతసేపటికి ఇంకో పెద్ద దెబ్బ. ఓడ మొత్తం వణికింది. మేం పోయామనుకున్నాను. పోలేదు. అంతవరకే నాకు తెలుసు. మిగతాది పేపర్లో చదివాను, నువ్వూ చదివావు."

మా స్నేహితులకు ఈ జవాబు బొత్తిగా నచ్చేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చేది కాదు. 2017లో ఆ కథ మీద 'ఘాజీ' అని తెలుగు సినిమా వస్తే మనవడితో కలిసి చూడటానికి వెళ్ళారు. సినిమాలో వీరులంతా మన జలాంతర్గామిలో ఉన్నారు. బయటికొచ్చాక మనవడు, "తాతా, నిజంగా గెలిచింది మీ ఓడే కదా?" అన్నాడు. "మా ఓడ తిరిగొచ్చిందమ్మా" అన్నారు మావయ్య. అంతే.

ఆ తర్వాత బ్యాంకు పనిలో తలపండాక ఆయన జవాబు విలువ తెలిసింది. మా లెక్కల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. డబ్బు వచ్చింది, కాని ఎవరిదో తేలలేదు. అలాంటప్పుడు దాన్ని ఎవరి పేరా జమ వేయకూడదు. సస్పెన్స్‌లో ఉంచి, రుజువు దొరికేదాకా వెతకాలి. కొత్తగా చేరినవాళ్ళకు అది చూస్తే చికాకు. ఎవరో ఒకరి ఖాతాలో వేసేస్తే పుస్తకం శుభ్రంగా కనిపిస్తుంది. కాని ఒకరి డబ్బు ఇంకొకరికి జమ వేశాక, దాన్ని వెనక్కి తేవడం బ్రహ్మతరం కాదు. మావయ్య తన జీవితంలోకెల్లా పెద్ద మొత్తాన్ని సస్పెన్స్‌లోనే ఉంచి వెళ్ళిపోయారు. తన పేర రాసుకోమని ఊరంతా బతిమాలినా రాసుకోలేదు.

ఇక ఆ సాక్షి సంతకం దగ్గరకు వద్దాం. లాకరు తెరిచిన మర్నాడు ఆ కాగితాన్ని అమ్మకు చూపించాను. అమ్మకు ఎనభై దాటాయి. చత్వారం కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ఇది నా సంతకమేరా" అంది. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. నాకు తెలిసిన అమ్మ సంతకం వణుకుతూ ఉంటుంది. ఇదేమో నిటారుగా, గుండ్రంగా ఉంది. అందుకే పోల్చుకోలేకపోయాను.

అప్పుడు చెప్పింది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని మాట.

1971 డిసెంబరులో చెల్లి పురిటికి అమ్మ పుట్టింటికి వచ్చి ఉంది. నాకు మూడేళ్ళు. యుద్ధం మొదలయ్యాక మావయ్య నుంచి కబురు లేదు. విశాఖ నుంచి రైల్లో వచ్చినవాళ్ళు, ఆ రాత్రి సముద్రంలో పెద్ద చప్పుడయిందని, ఏదో ఓడ మునిగిందని బజార్లో చెప్పుకుంటున్నారు. ఏ ఓడో ఎవరికీ తెలియదు. ఈ మాటలు అమ్మమ్మ చెవిన పడకుండా అమ్మ ఆరు రోజులు కాపాడుకొచ్చింది. తొమ్మిదో తారీకు మధ్యాహ్నం పోస్టుమేను వచ్చాడు. ఇక అమ్మ మాటల్లోనే వినండి.

"అరవై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. మా అమ్మ ఆ నోట్లు కళ్ళకద్దుకుని, 'చూశావా, ఊరికే బెంగపడ్డాం. పిల్లాడికి ఏమన్నా అయితే డబ్బెలా పంపుతాడు?' అంది. దేవుడి దగ్గర దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళబోయింది. పోస్టుమేను వేలిముద్ర వేయించుకుని, సాక్షి సంతకం పెట్టమని ఫారం నాకిచ్చాడు. తారీకు చూశాను. మూడో తారీకు. చప్పుడయింది ఆ రాత్రే గదా. అంటే ఆ డబ్బు కట్టినప్పుడు బతికున్నాడు. తర్వాత సంగతి ఆ కాగితం చెప్పదు. మా అమ్మకు చదువు రాదు. నాకు వచ్చు. చెప్పనా మాననా అని ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయాను."

"మరేం చేశావమ్మా?"

"సంతకం పెట్టాను. సాక్షి సంతకమంటే ఆ వేలిముద్ర మా అమ్మదేనని చెప్పడమే కదా. అది నిజమే. వాడు బతికున్నాడని నేను సంతకం పెట్టలేదు. అమ్మ దీపం పెడతానంటే వద్దని కూడా అనలేదు."

ఆ సాయంత్రం రేడియోలో ఘాజీ వార్త విన్నారట. మునిగింది శత్రువుదని తెలిసి అమ్మ ఊపిరి పీల్చుకుంది. అదీ ఎంతోసేపు నిలవలేదు. ఆ 9వ తేదీ రాత్రే పడమటి సముద్రంలో డయ్యూ దగ్గర పాకిస్తాను జలాంతర్గామి మన ఖుక్రీ నౌకను ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఓడ మునిగిందన్న మాట బయటికి పొక్కగానే ఇంట్లో మళ్ళీ భయం. మావయ్య ఉత్తరం చేరేసరికి డిసెంబరు నెలాఖరయింది. ఆయన మాత్రం సంక్రాంతి వెళ్ళాక వచ్చారు.

ఖుక్రీలో ఉన్నవాళ్ళూ నెల మొదట్లో జీతాలందుకుని ఇళ్ళకు డబ్బు పంపే ఉంటారు. ఆ మనియార్డర్లు ఏయే ఊళ్ళలో, ఏ తల్లి చేతికి, ఏ తారీకున అందాయో! ఘాజీలో ఉన్నవాళ్ళకూ కరాచీలోనో, ఇంకెక్కడో అమ్మలున్నారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని కూర్చుంటే నాకు వాళ్ళందరూ గుర్తొచ్చారు.

మనియార్డరు రసీదు మావయ్యకు ఎప్పుడు చేరిందో తెలియదు. యుద్ధం తర్వాత ఇంటి నుంచి ఆయనకు అందిన మొదటి వస్తువు అదేనని అత్తయ్యతో ఎప్పుడో అన్నారట. ఉత్తరం రాయలేని తల్లి దగ్గర నుంచి వేలిముద్ర వచ్చింది. అంతకన్నా పెద్ద ఉత్తరం ఏముంటుంది?

కథ ఇక్కడితో అయిపోలేదు. లాకరు తెరిచిన ఆ నెలలోనే, ఘాజీ శిథిలాన్ని విశాఖ తీరానికి చేరువలో మన నౌకాదళం కొత్త రక్షణ నౌకతో మళ్ళీ గుర్తించిందని, అందులో పోయినవాళ్ళ మీద గౌరవంతో దాన్ని తాకకుండా వదిలేసిందని పేపర్లలో వచ్చింది. మావయ్య కొడుకు పూణేలో ఉంటాడు. నాకన్నా పదేళ్ళు చిన్న. ఆ వార్త చూసి ఉత్సాహంగా ఫోను చేశాడు.

"బావా, ఆ రిబ్బను, కాగితం ఫ్రేము కట్టిద్దాం. కింద 'ఘాజీని ముంచిన వీరుడు' అని ఇత్తడి పలక వేయిద్దాం. డిసెంబరు 4 నేవీ డేకి పేపరువాళ్ళను పిలుద్దాం. నాన్నకు బతికుండగా దక్కనిది ఇప్పుడైనా దక్కాలి."

వాడి ప్రేమను నేను తప్పుపట్టను. తండ్రి పోయి నాలుగు నెలలైనా కాలేదు. అయినా, "మీ నాన్న ఆ మాట ఎప్పుడూ అనలేదురా" అన్నాను. వాడికి కోపం వచ్చింది. "నువ్వు బ్యాంకువాడివి బావా. నీకు అన్నిటికీ రుజువు కావాలి. నాన్న ఆ ఓడలో ఉన్నాడా లేదా? ఆ ఓడ బాంబులు వేసిందా లేదా? ఇంకేం కావాలి?" అన్నాడు. రెండు వారాలు ఫోను చేయలేదు. చేస్తే ఎత్తలేదు. ఒక పాత కాగితం కోసం ఆ ఇంటితో రాకపోకలు పోతాయేమోనని నిజంగానే భయపడ్డాను.

సంవత్సరీకానికి వాడు వచ్చినప్పుడు అత్తయ్య ఇద్దర్నీ కూర్చోబెట్టారు. రసీదు తెచ్చి మధ్యలో పెట్టారు. అమ్మ సంతకం కథ అప్పటిదాకా వాడికి తెలియదు. అత్తయ్యే చెప్పారు. చెప్పి, "మీ మేనత్త తమ్ముడి ప్రాణం మీద బెంగతో కూడా, తాను చూసినదానికే సంతకం పెట్టింది నాయనా. మీ నాన్నా అంతే. తాను చూసినదే చెప్పారు. మరి మనం చూడనిది ఇత్తడి మీద ఎలా చెక్కిస్తాం?" అన్నారు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "వేలిముద్ర కనపడేట్టు ఫ్రేము కట్టించు బావా" అన్నాడు.

ఇప్పుడా ఫ్రేము అత్తయ్య ముందుగదిలో ఉంది. కింద చిన్న పలక మీద రెండే వరుసలు. "ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్, విశాఖపట్నం, 3-12-1971. అమ్మకు ముట్టినది, బరంపురం, 9-12-1971."

ఆ ఓడ ఇప్పుడు లేదు. 1976లో తుక్కు కింద విరిచేశారు. తర్వాత అదే పేరుతో సోవియట్ దేశంలో కట్టిన కొత్త రాజ్‌పుత్ 1980లో వచ్చి, నలభై ఒక్క ఏళ్ళు పనిచేసి, 2021లో విశాఖలోనే విరమించింది. విశాఖ బీచి రోడ్డులో 1971 విజయానికి గుర్తుగా స్మారకం ఉంది. వెళ్ళినప్పుడు చూడండి. దాని ఎదురుగా నిలబడి సముద్రం వైపు చూస్తే, ఆ నీళ్ళ కింద ఇంకా తేలని లెక్క ఒకటి ఉందని గుర్తుంచుకోండి.

హోసూరు సోదరికి నా జవాబు. లాకరుకు నామినేషను తప్పక వేయండి. తెరిచేటప్పుడు నామినీ, ఇద్దరు సాక్షులు ఉండాలి. లోపలున్న వస్తువులన్నీ జాబితాలో రాయించి, చదివాకే సంతకం పెట్టండి. ఇది బ్యాంకు ఆఫీసరుగా చెప్పేది.

మేనల్లుడిగా ఇంకొక మాట. లాకరులో, ట్రంకు పెట్టెలో పాత కాగితమేదైనా దాచుకుంటే, అదేమిటో వెనకాల ఒక్క వాక్యం రాసి పెట్టండి. మీరు చూసినంతవరకే రాయండి. మా మావయ్య రాయలేదు. మా అమ్మ ఎనభై ఏళ్ళు దాటి బతికి ఉంది గనక, మా ఇంట్లో ఆ కాగితం "పాత కాగితం, 1"గా మిగిలిపోలేదు.

వచ్చే సంచికలో, చాలామంది అడిగిన ఉమ్మడి ఖాతాల సంగతి.